మాణిక్‌ను అడిగిన మనుషులు

మాణిక్ అనే మనిషి చంద్రప్ప పంపుసెట్ల దుకాణంలో ఏనాడూ లేడు. అయినప్పటికీ ఏడాదిగా అతణ్ణి అడుగుతూ జహీరాబాదుకు మనుషులు వస్తూనే ఉన్నారు. ఆ మనుషులు ఎందుకు వస్తున్నారో తెలుసుకోబోయిన జగన్‌మోహన్ సోమవారం సాయంకాలం అదే దుకాణం వెనుక గోదాములో, తల వెనుకభాగం చితికి, బోర్లా పడి కనిపించాడు.

బుధవారం ఉదయం పదకొండు గంటలవేళ డిటెక్టివ్ మదన్‌మోహన్ రావు ఆ దుకాణం కౌంటరుమీద నిలబెట్టిన మూడు గాజు సీసాలను కళ్లజోడు సవరించుకుని పరికిస్తున్నాడు. ఒకదానిలో జొన్నలు అడుగు కప్పేటన్ని ఉన్నాయి. రెండవదానిలో శనగలు సగానికి వచ్చాయి. మూడవదానిలో కందులు మూతిదాకా నిండి, ఇంకొక గింజ వేస్తే జారిపడేటట్లున్నాయి.

ఈ సీసాల ఏర్పాటు చేసినవాడు జగన్‌మోహనే. చంద్రప్ప అమ్మే పంపుసెట్లను తయారుచేసే కంపెనీలో అతడు ప్రచార విభాగం ఉద్యోగి. ప్రకటనలమీద కంపెనీ పెట్టే ఖర్చులో ఏది ఫలిస్తోందో, ఏది మట్టిలో కలుస్తోందో కొలవకుండా నిద్రపట్టని స్వభావం అతనిది. జహీరాబాదుకు వచ్చే మూడు దారులమీద మూడు గోడలు ఎన్నుకుని, మూడింటిమీదా ఒకే బొమ్మ, ఒకే వాక్యం రాయించాడు. ఆఖరి వరుసలో మాత్రమే భేదం. ఝరాసంగం దారిలోని గోడ, దుకాణానికి వచ్చి రత్నమ్మను అడగమంటుంది. బీదరు దారిలోనిది మహాదేవమ్మను అడగమంటుంది. బొంబాయి రహదారిమీద చిరాగ్‌పల్లి గోడ మాణిక్‌ను అడగమంటుంది. అడిగినవారికి పంపుకు వేసే తోలు వాషరు ఒకటి ఉచితం. నిజానికి ఆ పేర్లవాళ్లెవరూ దుకాణంలో లేరు. వచ్చినవాడు ఏ పేరు పలికితే ఆ గోడ చదివి వచ్చాడని అర్థం. కౌంటరు దగ్గర కూర్చునే బాలమణి ఆ పేరును బట్టి జొన్నగింజో, శనగగింజో, కందిగింజో సీసాలో వేస్తుంది.

కంపెనీ డైరెక్టరు మదన్‌మోహన్ రావును పిలిపించి చెప్పిన విశేషం ఒక్కటే. అందరికంటె ఎక్కువమందిని రప్పిస్తున్నది చిరాగ్‌పల్లి గోడ. ఆ గోడ చదివి వచ్చినవారిలో పంపు కొన్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. జగన్‌మోహన్‌కు ఇది మింగుడుపడలేదు. సంగతి తేల్చుకుంటానని పోయినవారం జహీరాబాదు వచ్చాడు.

అతణ్ణి చంపాడని పోలీసులు పట్టుకున్నది, ఆ గోడలు రాసిన పెయింటరు చెన్నబసప్పను. నిన్న సాయంత్రం అరెస్టు చేశారు. ఈ రోజు నాలుగు గంటలకు జీపు అతణ్ణి తీసుకుని సంగారెడ్డి మేజిస్ట్రేటు దగ్గరకు బయలుదేరుతుంది. ఒకసారి హత్యానేరం కింద జైలుకు వెళ్లినవాడు మళ్లీ ఇంటి గడప తొక్కడానికి ఎంత కాలం పడుతుందో మదన్‌మోహన్ రావుకు బాగా తెలుసు. పొద్దున్నే చెన్నబసప్ప భార్య శరణమ్మ ట్రావెలర్స్ బంగళా మెట్లమీద కూర్చుని అతని కోసం కాచుకుంది. సులభంగా మాట ఇచ్చే అలవాటు లేని మదన్‌మోహన్ రావు, ఏ బలహీన క్షణంలోనో, జీపు కదలకముందే ఆమె భర్తను బయటకు తెస్తానని మాట ఇచ్చాడు. ఇచ్చిన తరువాత ఆ మాట భారం అతనికి తెలియవచ్చింది.

"చాయ్ సల్లగైతది, తాగుండ్రి రావుసాబ్," అన్నాడు చంద్రప్ప. దుకాణం యజమాని అతడు. గుండ్రని ముఖం, నుదుట విభూతి, ఎదుటివాడి మాట పూర్తికాకముందే తల ఊపే మర్యాద. "పాపం, జగన్‌మోహన్ సారు నా కొడుకు లెక్క. ఆ చెన్నబసప్పకు ఎప్పటి సందో కోపం. నడి హోటల్ల, పది మంది ముంగట, చెయ్యి ఇరగ్గొడ్త అన్నడు. నేను లేని దినం చూసి పని కానిచ్చిండు."

సోమవారం తాను బీదరులో ఉన్నాననీ, బావమరిది ఇంట్లో నిశ్చయతాంబూలాలనీ, దీపాలు పెట్టేవేళకు తిరిగివచ్చి గోదాము తాళం తీసేసరికి శవం కనిపించిందనీ చంద్రప్ప చెప్పుకొచ్చాడు. వెనుక సందులోకి తెరుచుకునే తలుపు గొళ్లెం ఊడి వేలాడుతూ ఉన్నదట. హంతకుడు దానిని పెకలించుకుని లోపలికి వచ్చాడని ఇన్‌స్పెక్టరు తేల్చేశాడట.

మదన్‌మోహన్ రావు చాయ్ కప్పును అలాగే వదిలి, గోదాము చూపించమన్నాడు.

లోపల నూనె వాసన, ఎండుగడ్డి వాసన కలిసి ఉన్నాయి. నేలమీది మరకను సున్నంతో కప్పారు. మదన్‌మోహన్ రావు దానికేసి ఎక్కువసేపు చూడలేదు. తిన్నగా వెనుక తలుపు దగ్గరకు వెళ్లి, వంగి, గొళ్లెం ఉండిన చోటును వేలితో తడిమాడు. పెకలించిన గొళ్లెం చెక్కను చీలుస్తుంది. ఇక్కడ చెక్క చెక్కుచెదరలేదు. మరలు తిరిగిన రంధ్రాలు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. ఎవరో స్క్రూడ్రైవరుతో తొందరేమీ లేకుండా వాటిని విప్పారు. ఆ మరలు తలుపుకు లోపలివైపున ఉన్నాయి. సందులో నిలబడ్డవాడి చేయి అక్కడికి అందదు.

"వాషర్లు ఎవరు ఇస్తారు?" అని అడిగాడు, తలుపు సంగతి ఎత్తకుండా.

"నేనే ఇస్త. గోదాం తాళం చెయ్యి నా మొలకే ఉంటది. నేను లేకుంటే వాషరు లేదు, మల్ల రమ్మని బాలమణి చెప్తది."

వాషర్ల డబ్బా మూత తీసి చూస్తే అది కొద్దిగా మాత్రమే తరిగి ఉంది. కౌంటరుమీద మూతిదాకా నిండిన కందుల సీసా మదన్‌మోహన్ రావు కళ్లముందు మెదిలింది. ఇంతమంది మనుషులు మాణిక్‌ను అడిగి గోదాముకు వచ్చారు. ఉచితంగా ఇచ్చే వాషరును తీసుకోకుండానే తిరిగి వెళ్లారు. అలాగైతే వారు ఇక్కడినుండి తీసుకుపోయినది ఏమిటి?

ముందుగదిలో టెలిఫోను మోగింది. చంద్రప్ప క్షమించమని తల ఊపి వెళ్లాడు. మదన్‌మోహన్ రావు గోడవార పేర్చిన చెక్కపెట్టెలను ఒక్కొక్కటే కదిపి చూశాడు. మోటారు పెట్టె ఒక మనిషికి లేవదు. అన్నిటికంటె వెనుకనున్న పెట్టె మాత్రం, అయిదు గుర్రాల మోటారని ముద్ర ఉండి కూడా, ఒంటిచేతితో లేచింది. లోపల గడ్డి తప్ప ఏమీ లేదు. గడ్డి అడుగున విదేశీ అక్షరాలతో మెత్తని పలుచని కాగితం ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. కొత్త చేతిగడియారాలకు చుట్టే కాగితం అది. బొంబాయి రేవులో దొంగతనంగా దిగే గడియారాలు ఏ రహదారిన హైదరాబాదు చేరతాయో తెలియని పోలీసు ఈ రాష్ట్రంలో లేడు. కాగితాన్ని చేతిరుమాలులో మడిచి జేబులో పెట్టుకుని, పెట్టెను యథాస్థానంలో నిలిపాడు.

టెలిఫోనులో మాట్లాడటం అయిన తరువాత చంద్రప్ప భోజనానికని స్కూటరుమీద ఇంటికి వెళ్లాడు. అతని స్కూటరు చప్పుడు వీధి మలుపులో అణగేవరకు మదన్‌మోహన్ రావు ఆగి, కౌంటరు దగ్గరకు వచ్చాడు.

బాలమణికి ముప్పై ఏళ్లుంటాయి. పొద్దుటినుండి ఆమె ఒక్కసారైనా కళ్లెత్తి చూడలేదు. సోమవారం మాణిక్ సీసాలో గింజలు వేశారా అని అడిగితే, ఒక్కటీ వేయలేదన్నది. అయితే ఎవరూ రాలేదా అంటే, ఎప్పటిలాగానే వచ్చారన్నది. ఈ రెండు మాటలు ఎలా పొసగుతాయో చెప్పమని మదన్‌మోహన్ రావు ఆమె ఎదుట బల్లమీద కూర్చున్నాడు.

ఆమె ఒకసారి గుమ్మంకేసి చూసి, కౌంటరు కిందినుండి నాలుగవ సీసా ఒకటి తీసి పైన పెట్టింది. దానిలో అడుగున కొద్దిగా కుసుమగింజలు తెల్లగా మెరుస్తున్నాయి.

"ఇది బస్వమ్మది సార్," అన్నది మెల్లగా. "సోమారం పొద్దుగాల్నే జగన్‌మోహన్ సారు తెచ్చి పెట్టిండు. చిరాగ్‌పల్లి గోడమీద మాణిక్ పేరు తుడిపిస్తున్న, బస్వమ్మ అని రాయిస్తున్న అన్నడు. ఇయ్యాల్టి సంది బస్వమ్మ అన్నోళ్లకు కుసుమగింజ ఎయ్యి. మాణిక్ అన్నోళ్లకు ఏం ఎయ్యకు, మొకం చూసి యాది పెట్టుకో అన్నడు."

మదన్‌మోహన్ రావు సీసాను చేతిలోకి తీసుకున్నాడు. చనిపోయినవాని తెలివికి మనసులోనే తల వంచాడు. గోడమీద పేరు మార్చేశాడు. గోడ చదివి వచ్చేవాళ్లు కొత్త పేరు చెబుతారు. మార్చిన తరువాత కూడా పాత పేరే చెప్పేవాళ్లు అసలు గోడ చదవడం లేదు. వారికి ఆ పేరు మరెవరో చెవిలో చెబుతున్నారు.

"ఈ సంగతి మీ యజమానికి తెలుసునా?"

"చెప్పొద్దన్నడు సార్. నాకు, చెన్నబసప్పకు తప్ప మూడో మనిషికి ఎరుక గావొద్దన్నడు."

"ఆ రోజు గోదాము తాళం వేసి ఉంది గదా. వాషరు లేదంటే వచ్చినవాళ్లు ఏమన్నారు?"

"రత్నమ్మ అన్నోళ్లు, మహాదేవమ్మ అన్నోళ్లు నాతోని లొల్లి పెట్టుకున్నరు. ఉత్తగనే తిప్పుతరా అని తిట్టిన్రు." ఆమె పైటకొంగు వేలికి చుట్టుకుంది. "మాణిక్ అన్నోళ్లు మాత్రం ఒక్క మాట అనలే. పక్క సందుల నుంచి ఎనుకకు పోయిన్రు. జర సేపటికి సంచులు పట్టుకొని బయటికొచ్చిన్రు."

"తాళం వేసిన గోదాము వెనుకకు."

"ఔ సార్."

మూడు గంటలకు జగన్‌మోహన్ వచ్చి, ఎంతమంది ఏ పేరు చెప్పారని అడిగాడట. ఆమె చెప్పిందంతా విని నవ్వాడట. "గోడమీద లేని పేరు వీళ్లకు ఎవరు చదివి పెడుతున్నారో చూసి వస్తాను," అని ఆ పక్క సందులోకే వెళ్లాడట. తరువాత కాసేపటికి చెన్నబసప్ప రంగుడబ్బాలు అప్పజెప్పడానికి అదే సందులోకి వెళ్లడం వీధిలోని వారు చూశారు. పోలీసులకు కావలసిన సాక్ష్యం అదే అయింది. ఇదంతా పోలీసులతో ఎందుకు చెప్పలేదని మదన్‌మోహన్ రావు అడిగితే, యజమాని పక్కన నిలబడి ఉండగా ఏం చెప్పమంటారని బాలమణి ఎదురు ప్రశ్న వేసింది.

"నాతో రండి. ఇన్‌స్పెక్టరుగారి ఎదుట ఇవే మాటలు చెప్పాలి. ఈ కౌంటరు దగ్గర మీరు ఇక ఒక్క నిమిషమైనా ఒంటరిగా కూర్చోవడం నాకు ఇష్టం లేదు," అన్నాడు లేస్తూ.

అద్దెకు తెచ్చుకున్న అంబాసిడరు కారులో ముందుగా చిరాగ్‌పల్లి వెళ్లారు. ఆ గోడ రహదారికి ఎదురుగా ఉన్న బెల్లం గోదాముది. పచ్చని నేపథ్యంమీద నీలిరంగుతో "బస్వమ్మను అడగండి" అని కొత్త అక్షరాలు నిగనిగలాడుతున్నాయి. వాటి కింద తుడిచిన పాత పేరు నీడలా కనిపిస్తోంది. మదన్‌మోహన్ రావు దగ్గరకు వెళ్లి చూశాడు. మొదటి అక్షరానికి పైన, రంగు ఆరకముందే ఎవరి చొక్కా చెయ్యో ఒరుసుకుని పోయిన గుర్తు, వెడల్పుగా. అక్షరాలు వంకర పోకుండా పెయింటర్లు గోడమీద దారం పట్టిస్తారు. దారం రెండవ కొస పట్టుకున్నవాడు పొడుగరి. ఆ మరక మదన్‌మోహన్ రావు తలకంటె ఎత్తున ఉంది. జగన్‌మోహన్ ఆరడుగుల మనిషి.

పోలీసు స్టేషను చేరేసరికి మూడు దాటింది. ఆవరణలో జీపు అప్పుడే సిద్ధంగా నిలబడి ఉంది. శరణమ్మ వరండా మెట్టుమీద కూర్చుని, భర్త కోసం తెచ్చిన జొన్నరొట్టెల మూటను ఒడిలో పెట్టుకుని ఉంది. మదన్‌మోహన్ రావును చూసి లేచింది. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే అతనికి ఎక్కువ కష్టంగా తోచింది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రేవణసిద్ధప్ప రిమాండు కాగితాలమీద సంతకాలు చేస్తున్నాడు. తల ఎత్తకుండానే కుర్చీ చూపించాడు.

"రాండ్రి రావుసాబ్. హైదరాబాదు నుంచి అచ్చిన్రు, రెండు దినాలైనా మా ఊరి దుమ్ము తినిపోతరు అనుకున్న. దుకాణంల పప్పు గింజలు ఎంచుతున్నరట గద. ఎంచుడు అయిపోయిందా?"

"అయింది. ఆ గింజల వల్లనే మీ ఖైదీ నిర్దోషి అని తేలింది."

"గింజలు సాక్ష్యం చెప్తయా? మా డిపార్టుమెంటుల మనుషులు చెప్పాలె." రేవణసిద్ధప్ప కలం మూత పెట్టాడు. "హోటల్ల కొట్లాట చూసినోళ్లున్నరు. సందులకు పోంగ చూసినోళ్లున్నరు. మరి పీనుగ చొక్కకు నీలిరంగు ఎట్లొచ్చింది? పెయింటరుకు గాక నీలిరంగు నాకుంటదా, మీకుంటదా?"

మదన్‌మోహన్ రావు చిరాగ్‌పల్లి గోడమీది మరక సంగతి చెప్పాడు. గొళ్లెం మరలు లోపలినుండి విప్పి ఉన్న సంగతి చెప్పాడు. తరువాత బాలమణిని ముందుకు రమ్మని, ఆమె చేత ఒక్కొక్క మాటా చెప్పించాడు. రేవణసిద్ధప్ప వింటూ పేపర్‌వెయిటును బల్లమీద తిప్పుతూ ఉన్నాడు. మాణిక్ మనుషులు సంచులతో బయటకు వచ్చారన్నచోట అది తిరగడం ఆగింది.

"ఇప్పుడు యోచించండి," అన్నాడు మదన్‌మోహన్ రావు. "ఈ మనుషులకు మాణిక్ అనే పేరు ఎవరో సంకేతంగా చెప్పి పంపుతున్నారు. సోమవారంనాడు కూడా అదే పేరు చెప్పి పంపారు. అంటే ఆ పంపేవానికి గోడమీద పేరు మారిందని తెలియదు. చెన్నబసప్పకో? తన చేతితోనే మార్చాడు."

"ఎరుకుండి గూడ ఉట్టిగ ఊకున్నడేమో."

"మారిందని తెలిసినవాడికి, జగన్‌మోహన్ వల పన్నాడని కూడా తెలిసినట్లే. ఆ వలలోకి తన మనుషులను తానే తోలుకుంటాడా? ఆ ఒక్కరోజు రావద్దని కబురు పంపితే సరిపోయేది."

రేవణసిద్ధప్ప పేపర్‌వెయిటును పక్కకు జరిపాడు. లేచి, లాకప్ గదికేసి నడిచాడు. మదన్‌మోహన్ రావు వెంట వెళ్లాడు.

చెన్నబసప్ప గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గోళ్ల సందుల్లో నీలిరంగు ఇంకా ఉంది. కుడిచేయి, లింగాయతులు మెడలో ధరించే వెండి లింగకాయమీద ఉంది. నిన్నటినుండి ఎంత అడిగినా, ఎంత కొట్టినా, గోడ సంగతి గాని జగన్‌మోహన్‌తో జగడం ఎందుకు వచ్చిందో గాని అతని నోట ఒక్క మాట రాలేదని కానిస్టేబుల్ చెప్పాడు.

"మీరు ఏమీ చెప్పవలసిన పని లేదు," అన్నాడు మదన్‌మోహన్ రావు. "నేను చిరాగ్‌పల్లి వెళ్లి గోడ చూసి వచ్చాను. మాణిక్ పేరు తుడిచి బస్వమ్మ అని రాశారు. దారం కొస పట్టుకున్నది జగన్‌మోహన్."

చెన్నబసప్ప తల ఎత్తాడు. "మీరే చూసొచ్చిన్రా?"

"నేనే."

"అయితే నేను చెప్పినట్టు గాదు." అతడు ఊపిరి వదిలాడు. "కొట్లాడింది నిజమే. నా చేతి అచ్చరాలు నన్నే తుడువుమన్నడు. కోపం రాదా? అటెంక నిమ్మలంగ సంగతి చెప్పిండు. ఎవ్వనికి చెప్పనని లింగం మీద చెయ్యి పెట్టి మాటియ్యుమన్నడు. ఇచ్చిన."

"మరి నిన్నటి సంది నాకెందుకు చెప్పలేదుర?" అన్నాడు రేవణసిద్ధప్ప. "ఆయన సచ్చిపోయిండు గద."

"గదే అప్పా. మాట తీస్కున్నోడు సచ్చిపోయిండు. ఇగ నన్ను ఆ మాట నుంచి ఇడిపించెటోడు ఎవడున్నడు?"

రేవణసిద్ధప్ప చేయి తన ఖాకీ చొక్కా పైబొత్తాము దగ్గరకు వెళ్లి, అక్కడే ఆగిపోయింది. ఆ బట్ట కింద అతని మెడలోనూ అటువంటి వెండికాయే ఉన్నదన్న సంగతి మదన్‌మోహన్ రావు అప్పుడే గమనించాడు. ఇన్‌స్పెక్టరు ముఖం తిప్పుకుని, కానిస్టేబుల్‌ను మంచినీళ్లు తెమ్మని అనవసరంగా కసిరాడు.

గదిలోకి తిరిగివచ్చిన తరువాత అతని గొంతు మళ్లీ బిరుసెక్కింది. "సరే. వీడు గాదు. సావుకారి ఆ దినం బీదరుల ఉండె. మరి ఎవడు? మీ మనసుల ఒక పేరున్నది. చెప్పుండ్రి."

మదన్‌మోహన్ రావు మనసులో పేరు ఉన్న మాట నిజం. తాళంచెవి ఎవరి మొలకు ఉంటుందో అతనికి తెలుసు. జేబులో కాగితం ముక్కా ఉంది. కాని చంద్రప్ప సోమవారం బీదరులో లేడని రుజువుచేసే సాక్ష్యం ఇంకా చేతికి రాలేదు. రుజువు లేకుండా ఒక పెద్దమనిషి పేరు పోలీసు స్టేషనులో ఉచ్చరించడం అతని దృష్టిలో నేరానికి తోబుట్టువు. ముప్పై ఏళ్ల వృత్తిలో అటువంటి పని ఎన్నడూ చేయలేదు. బీదరులో ఒక పూట విచారిస్తే తేలిపోతుంది. రేపు ఉదయం చెప్పవచ్చు.

"నిరూపించలేని పేరు నా నోట రాదు, ఇన్‌స్పెక్టరుగారూ. రేపటిదాకా ఓపిక పట్టండి."

"ఇంగ్లీషు సదువులు," అన్నాడు రేవణసిద్ధప్ప. "నన్ను నమ్మరు గద. మంచిదే. నా కేసు చెడగొట్టిన్రు, మీ కేసు మాత్రం జేబుల పెట్టుకొని తిరుగుతున్నరు." రిమాండు కాగితాలను నిలువునా మడిచి సొరుగులో పడేశాడు. "సెక్షన్ నూట అరవై తొమ్మిది కింద ఇడిచిపెడ్త. కాని ఉత్తగ ఇడువ. ఇద్దరు జమానతు పడాలె, వాళ్ల భూమి పహాణీ నకళ్లు తేవాలె. గిప్పుడు ఆమె యాడికి పోయి తెస్తది? ఉండుండ్రి, నేనే ఏదో ఒకటి చేస్త."

అతడు పక్కగదిలోకి వెళ్లి టెలిఫోను తిప్పడం వినిపించింది. తలుపు వేసి ఉన్నందున మాటలు వినరాలేదు. ప్రత్యర్థి మనసు ఇంత త్వరగా మెత్తబడటం మదన్‌మోహన్ రావుకు ఆశ్చర్యంగానూ, కొంచెం సిగ్గుగానూ తోచింది. వరండాలోకి వెళ్లి శరణమ్మకు సంగతి చెప్పాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి మొక్కి, ముఖం కడుక్కుని వస్తానని కుళాయి దగ్గరకు వెళ్లింది. తిరిగివచ్చేటప్పుడు నడకే మారిపోయింది. జీపు డ్రైవరు ఇంజను ఆపి, సంగారెడ్డి ప్రయాణం లేదని తెలిసి, బీడీ ముట్టించాడు.

అరగంట గడవకముందే ఆవరణ బయట ఒక లారీ వచ్చి ఆగింది. దాని ఇంజను ఆపలేదు. ఇద్దరు మనుషులు దిగి లోపలికి వచ్చారు. ఇద్దరికీ ఉతికిన తెల్లని బట్టలు. పెద్దవాడి చేతిలో పహాణీ నకళ్లు చక్కగా మడిచి సిద్ధంగా ఉన్నాయి. వారు ఎవరికీ తెలిసినవారిలా లేరు. చెన్నబసప్ప వాళ్లను ఎగాదిగా చూసి, ఏ ఊరని అడిగాడు. పెద్దవాడు చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు.

రేవణసిద్ధప్ప మదన్‌మోహన్ రావు పక్కకు వచ్చి, గెలిచినవాడిలా గొంతు తగ్గించి అన్నాడు: "చూసిన్రా? మీరు సాక్ష్యాలు ఎతుక్కుంట కూసుంటరు. మేం మనుషులతోని పని చేస్తం. చంద్రప్ప సావుకారికి ఒక్క ఫోను కొట్టిన. పెయింటరును ఇడుస్తున్నం, జమానతు గావాలె అన్న. కారణం గూడ అడగలే, ఇద్దరిని పంపిచ్చిండు. లారీ గూడ ఇచ్చిండు. ఇంటి దాక దించుతరట."

మదన్‌మోహన్ రావు లారీకేసి చూశాడు. రేపటిదాకా దాచుకోదలచిన పేరు, ఇన్‌స్పెక్టరుకు చెప్పవలసి ఉండి చెప్పకపోయిన పేరు అదే. తన నియమమే లారీనెక్కి స్టేషను గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది.

అతని మోచేతిని ఎవరో పట్టుకున్నారు. బాలమణి. బీరువా చాటున నిలబడి ఉన్నది. ఆమె పెదవులు కదలడం తప్ప చప్పుడు రాలేదు. అతడు వంగవలసి వచ్చింది.

"ఆ పెద్దాయన," అన్నది. "సోమారం మాణిక్‌ను అడిగింది ఆయనే సార్. సంచి తీస్కపోయింది ఆయనే."

అవతల కానిస్టేబుల్ లాకప్ తలుపు తీశాడు. చెన్నబసప్ప ఒక కాలు గడప బయట పెట్టాడు. శరణమ్మ రొట్టెల మూటతో ఎదురు వెళ్లింది. తెల్లబట్టలవాళ్లు ఇద్దరూ అతనికి చెరొకవైపు చేరారు.

మదన్‌మోహన్ రావు నాలుగు అంగల్లో అక్కడికి చేరుకున్నాడు. చెన్నబసప్ప రొమ్ముమీద చేయి వేసి లోపలికి తోశాడు. ఇనుపతలుపును తన చేతితోనే లాగి మూశాడు. ఆ చప్పుడుకు అందరూ అటు తిరిగారు.

"ఏం చేస్తున్నరు రావుసాబ్?" రేవణసిద్ధప్ప గొంతులో నిజమైన విస్మయం.

జవాబు చెప్పడానికి వీలులేదు. ఆ ఇద్దరూ చెయ్యి చాస్తే అందేటంత దూరంలో నిలబడి వింటున్నారు. వారికి అనుమానం కలిగితే, ఈ రాత్రికే బీదరులోనూ గోదాములోనూ మిగలవలసినది ఏదీ మిగలదు. ఏనాడూ రుజువులేని మాట అనని మదన్‌మోహన్ రావు, అబద్ధమని తెలిసిన మాటను అందరికీ వినిపించేటట్లు అన్నాడు.

"నేను పొరబడ్డాను. మీరే నెగ్గారు, ఇన్‌స్పెక్టరుగారూ. హంతకుడు ఇతడే. విడిచిపెట్టకండి."

శరణమ్మ ఏడవలేదు. తిట్టలేదు. రొట్టెల మూటను రెండు చేతులతో బిగించి పట్టుకుని, అతని ముఖంలోకి అలా చూస్తూ నిలబడింది. చెన్నబసప్ప చువ్వల అవతలినుండి ఆమెనే చూస్తున్నాడు. ఆ రెండు చూపుల మధ్య మదన్‌మోహన్ రావు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

పెద్దవాడు తొందరపడలేదు. పహాణీ నకళ్లను మళ్లీ మడత వెంబడి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరువాత అతని కళ్లు గదిలో ఒక చుట్టు తిరిగి, బీరువా చాటున ఆగాయి.

"అయితే మాకు ఇక్కడ పని లేదు సాబ్," అన్నాడు మర్యాదగా. "ఈ అక్క మా సావుకారి దుకాణంల మనిషే గద. దుకాణం ఇడిచిపెట్టి వచ్చిందట, సావుకారి పరేషాన్ అయితున్నడు. లారీల జాగ ఉన్నది. ఆమెను దించిపోత."